11/2 కప్పులంటే ఒకటిన్నరా, ఐదున్నరా?

సంపాదకుల వారికి నమస్కారం.

దినపత్రికల ఆదివారం అనుబంధాల్లోనూ మహిళల పేజీల్లోనూ వంటల కొలతలు అచ్చయ్యే తీరు గురించి ఈ ఉత్తరం రాస్తున్నాం. "మైదా 11/2 కప్పులు, పంచదార 13/4 కప్పులు" అని తరచూ కనబడుతోంది. రాసినవారి మనసులో ఉన్నది ఒకటిన్నర, ఒకటి ముప్పావు. ఒకటికీ అరకీ మధ్య ఉండాల్సిన ఖాళీ కంపోజింగులో ఎగిరిపోయి, రెండు అంకెలూ అతుక్కుపోయి, పదకొండు బై రెండు తయారైంది. లెక్క ప్రకారం చదివితే అది ఐదున్నర కప్పులు.

ఐదున్నర కప్పుల మైదా అంటే వంట తెలిసినవారు ఆగి, సంగతి గ్రహించి సర్దుకుంటారు. కానీ ప్రతిసారీ తప్పు అంత బాహాటంగా ఉండదు. "గ్లాసు బియ్యానికి నీళ్లు 13/4 గ్లాసులు" అని ఉంటే ఎలా చదవాలి? ఒకటి ముప్పావు అనుకుంటే కొత్త బియ్యానికి సరిపోతుంది. భిన్నంగా చదివితే మూడుంపావు, అన్నం కాస్తా జావ అవుతుంది. 11/4 ఇంకా చిక్కు. ఒకటింపావు అనైనా అనుకోవచ్చు, రెండు ముప్పావు అనైనా అనుకోవచ్చు, రెండూ నమ్మదగ్గ కొలతలే. ఇక వడ్రంగి చీటీ మీద 15/8 అంగుళాలు అని ఉంటే 1⅝ అనుకోవాలో 1⅞ అనుకోవాలో ఎంత అనుభవం ఉన్నవారూ చూసి చెప్పలేరు. తేడా పావు అంగుళం. తలుపు బిగుసుకుపోవడానికి అంత అక్కర్లేదు.

బడిలో వీటికి పెట్టిన పేర్లు అందరూ చదువుకున్నవే. పై సంఖ్య లవం, కింది సంఖ్య హారం. లవం హారం కంటే చిన్నదైతే క్రమ భిన్నం. లవం హారం కంటే పెద్దదైతే, లేదా దానికి సమానమైతే అపక్రమ భిన్నం. పూర్ణ సంఖ్య పక్కన క్రమ భిన్నాన్ని చేర్చి రాస్తే మిశ్రమ భిన్నం. 11/4, 2¾ రెండూ ఒకే విలువ, రాత వేరు. ఇది పరీక్షలో మార్కులకు మాత్రమే పనికొచ్చే పాఠం అనే అభిప్రాయం చాలామందిలో ఉంది. నిజానికి గుంటూరు, బెజవాడ బజార్లలో రోజూ నడిచే లెక్కే ఇది.

రైతు బజారులో కిలో 84 రూపాయల సరుకు రెండు ముప్పావు కిలోలు తూగిందనుకోండి. కాగితం, కాలిక్యులేటరు లేకుండా కూరగాయలమ్మే ఆమె ఎలా చెబుతుంది? పావు 21. రెండు కిలోలంటే ఎనిమిది పావులు, పైన మూడు, మొత్తం పదకొండు పావులు. పదకొండు ఇరవై ఒకట్లు 231. ఆమె చేసింది అచ్చంగా మిశ్రమ భిన్నాన్ని అపక్రమ భిన్నంగా మార్చడమే. 2¾ని 11/4 చేసింది. "పదకొండు పావులు" అనే మాటలో పదకొండు లవం, పావు హారం. ఆరో తరగతి పిల్లవాడికి "పూర్ణ సంఖ్యను హారంతో గుణించి లవం కలుపు" అని సూత్రం బట్టీ పట్టించేకంటే, రెండు కిలోల్లో ఎన్ని పావులున్నాయో లెక్కపెట్టించి, మిగతా మూడూ కలపమంటే సూత్రం వాడే చెబుతాడు.

వెనక్కి రావడమూ అంతే. పదకొండు పావులుంటే నాలుగేసి పావులకు ఒక కిలో కట్టుకుంటూ వెళ్లాలి. రెండు కిలోలు కట్టాక మూడు పావులు మిగులుతాయి. భాగహారంలో భాగఫలం 2 పూర్ణ సంఖ్య అవుతుంది, శేషం 3 లవం అవుతుంది, హారం 4 ఉన్నచోటే ఉంటుంది. పిల్లలు ఎక్కువగా తప్పేది ఆ చివరి ముక్క దగ్గరే. భాగఫలాన్ని తీసుకెళ్లి హారంలో పెడతారు, లేదా శేషాన్ని ఒంటరిగా వదిలేసి "2, శేషం 3" అని ఆపేస్తారు. మూడు అంటే మూడు ఏమిటి? మూడు కిలోలా, మూడు పావులా? ఆ ప్రశ్న అడిగితే హారం రాయకుండా ఉండలేరు.

ఏ రూపం ఎక్కడ వాడాలన్నది కూడా అనుభవం మీద తేలిపోయిన విషయమే. చెప్పడానికి, కొలవడానికి, కొనడానికి మిశ్రమ భిన్నం. "పదకొండు బై నాలుగు కిలోలు ఇవ్వండి" అని ఎవరూ అడగరు. గుణించడానికి, భాగించడానికి అపక్రమ భిన్నం. ఈ రెండో మాట పట్టించుకోకపోతే ఏమవుతుందో ఆవకాయ దగ్గర చూడొచ్చు.

కిలో మామిడి ముక్కలకు చిన్న గ్లాసుతో గ్లాసుంపావు ఉప్పు కొలతగా పెట్టుకున్నారు. ముక్కలు మూడున్నర కిలోలు తేలాయి. 3½ని 1¼తో గుణించాలి. చాలామంది పూర్ణ సంఖ్యల్ని విడిగా, భిన్నాల్ని విడిగా గుణిస్తారు. మూడొకట్ల మూడు, అరలో పావు అంటే ఎనిమిదో వంతు, మొత్తం 3⅛ గ్లాసులు. చూడ్డానికి పద్ధతిగానే ఉంది. అసలు జవాబు 7/2 × 5/4 = 35/8, అంటే 4⅜ గ్లాసులు. గ్లాసుంపావు ఉప్పు తక్కువ పడింది. ఒక కిలో ముక్కలకు సరిపోయే ఉప్పు మొత్తం ఎగిరిపోయిందన్నమాట. ఉప్పు చాలని ఆవకాయకు వానాకాలం రాకముందే బూజు పడుతుంది, ముక్క మెత్తబడుతుంది, తప్పు మామిడికాయ మీదకో కారం మీదకో పోతుంది.

ఎందుకు తక్కువైందో విడదీసి చూస్తే తెలుస్తుంది. మూడు కిలోలకు ఒక్కో గ్లాసు చొప్పున 3 గ్లాసులు. అదే మూడు కిలోలకు పైన పావు చొప్పున ముప్పావు గ్లాసు. అర కిలోకు గ్లాసు లెక్కన అర గ్లాసు. అర కిలోకు పావు లెక్కన గ్లాసులో ఎనిమిదో వంతు. ఈ నాలుగూ కలిపితే 4⅜. తప్పు పద్ధతిలో మొదటిదీ చివరిదీ మాత్రమే లెక్కకొచ్చాయి, మధ్య రెండూ జారిపోయాయి. అపక్రమ భిన్నంగా మార్చుకుంటే ఇలా జారడానికి సందే ఉండదు. మార్చడం ఇష్టం లేనివారు నాలుగు ముక్కలూ రాసుకుని చేసినా జవాబు అదే వస్తుంది.

కూడికలో ఈ బాధ లేదు. పూర్ణ సంఖ్యలు విడిగా, భిన్నాలు విడిగా కలుపుకోవచ్చు. తీసివేతలో మళ్లీ జాగ్రత్త కావాలి. వన్‌టౌన్ వస్త్రలత బట్టల బజారులో ఐదుంపావు మీటర్ల గుడ్డ కొన్నారు, అందులోంచి రెండు ముప్పావు కత్తిరించారు. మిగిలింది ఎంత? ఐదులో రెండు పోతే మూడు, ముప్పావులో పావు పోతే అర, మూడున్నర అనేస్తారు. పెద్దదాంట్లోంచి చిన్నది తీసెయ్యడం అలవాటై, ఎవరిలోంచి ఎవరిని తీస్తున్నారో చూసుకోరు. పావుల్లోకి దింపితే 21 పావుల్లోంచి 11 పోయి 10 పావులు, అంటే రెండున్నర మీటర్లే. లేని మీటరు గుడ్డను నమ్ముకుని దర్జీకి ఇంకో జత చెప్పినవారికి కత్తెర పడ్డాకగానీ సంగతి తెలియదు.

ఇప్పుడు అన్నిటికంటే ఎక్కువ డబ్బు పోయే తప్పు దగ్గరకు వద్దాం. శేషాన్ని తీసుకెళ్లి చుక్క తరవాత పెట్టడం.

ఈ అలవాటు ఎక్కడి నుంచి వచ్చిందో తేలిగ్గానే చెప్పొచ్చు. రూపాయికి 100 పైసలు, క్వింటాకు 100 కిలోలు, ఎకరానికి 100 సెంట్లు. మిర్చి యార్డులో 7 క్వింటాళ్ల 14 కిలోల సరుకును 7.14 అని రాస్తే తప్పేమీ లేదు, హారం 100 కాబట్టి చుక్క తరవాత రెండు అంకెలు ఇట్టే కూర్చుంటాయి. అక్కడ కూడా శేషం ఒక్క అంకె అయితే సున్నా మరవకూడదు. 2 ఎకరాల 5 సెంట్లంటే 2.05. దాన్ని 2.5 అని రాస్తే రెండున్నర ఎకరాలు. తేడా 45 సెంట్లు, సెంటుకు 48.4 గజాల చొప్పున 2,178 గజాలు. దస్తావేజు చిత్తుప్రతిలో ఈ సున్నాను వేలు పెట్టి చూసుకోవాల్సిందే.

వందతో పనిచేసిన ఈ అలవాటునే 8తో, 12తో, 60తో, 75తో కొలిచే చోటుకు మోసుకెళతారు. చిక్కంతా అక్కడే.

కాసు అంటే 8 గ్రాములు. 27 గ్రాముల గాజులు ఎన్ని కాసులు? 27/8. ఎనిమిది మూళ్లు ఇరవై నాలుగు, శేషం 3. మూడు కాసుల మూడు గ్రాములు, అంటే 3⅜ కాసులు. ఇంట్లో నోటుపుస్తకంలో దీన్ని 3.3 కాసులు అని రాసుకుంటారు. కొన్నేళ్ల తరవాత అదే అంకెను 8తో గుణిస్తే 26.4 గ్రాములు వస్తుంది. 0.6 గ్రాము కాగితం మీదే కరిగిపోయింది. గ్రాము 10,000 రూపాయలనుకుంటే 6,000 రూపాయలు. శేషం పెరిగేకొద్దీ నష్టమూ పెరుగుతుంది. మూడు కాసుల ఏడు గ్రాములను 3.7 అని రాస్తే 31 గ్రాములు కాస్తా 29.6 అవుతాయి. అక్కాచెల్లెళ్ల మధ్య పంపకాలప్పుడు ఇలాంటి చీటీలే తగాదాలు తెస్తాయి. దశాంశంలోనే రాయాలనుకుంటే 3ని 8తో భాగించి 3.375 అని రాయాలి. అంతకంటే "3 కాసులు 3 గ్రాములు" అని రెండు మాటలుగా రాసుకోవడం మేలు.

గంటల లెక్కలోనూ ఇదే వరస. ఆటోనగర్‌లో ఓ పనివాడు రోజుకు గంటా ఇరవై నిమిషాలు ఓవర్‌టైం చొప్పున ఐదు రోజులు చేశాడు. 1.20 అని రాసి ఐదుతో గుణిస్తే కాలిక్యులేటరు 6 అంటుంది. గంటా ఇరవై నిమిషాలంటే 80/60, కుదిస్తే 4/3 గంట. ఐదు రెట్లు 20/3, అంటే 6⅔ గంటలు, 6 గంటల 40 నిమిషాలు. నలభై నిమిషాల కూలి చుక్క మింగేసింది. యజమాని ఎగ్గొట్టాలని చేసింది కాకపోయినా పనివాడికి నష్టం నష్టమే.

అడుగులు, అంగుళాల దగ్గర తాపీ మేస్త్రీలు 12 అడుగుల 6 అంగుళాలను 12.6 అని రాసుకుంటారు. వాళ్ల మధ్య అది గుర్తుగా పనిచేస్తుంది, చుక్క అంటే అడుగు అని వాళ్లకు తెలుసు. ఆ కాగితం టైల్స్ కొట్టుకు వెళ్లి కాలిక్యులేటర్లో పడినప్పుడే తంటా. 12 అడుగుల 6 అంగుళాలు, 10 అడుగుల 9 అంగుళాల గదిని 12.6 × 10.9 అని కొడితే 137.34 చదరపుటడుగులు వస్తుంది. సరైన లెక్క 12½ × 10¾. అంటే 25/2 × 43/4 = 1075/8, మిశ్రమ భిన్నంగా మారిస్తే 134⅜ చదరపుటడుగులు. ఇక్కడ ఎక్కువ చూపించింది కాబట్టి రెండు పలకలు మిగులుతాయంతే. 12 అడుగుల 10 అంగుళాలను 12.10 అని రాస్తే మాత్రం యంత్రం దాన్ని 12.1 గానే తీసుకుంటుంది. అంటే 12 అడుగుల 1 అంగుళం అని రాసినా అదే విలువ, 10 అంగుళాలు అని రాసినా అదే విలువ. ఈ రాతలో 12.9, 12.11 కంటే పెద్దదిగా కనబడుతుంది. అంగుళాలను ముందు 12 కింద పెట్టి కుదించుకోవాలి. 6/12 అర, 9/12 ముప్పావు, 10/12 అంటే 5/6. ఆ తరవాతే గుణకారం.

కలప అడితిలో ఘనపు అడుగుల లెక్కకూ ఇదే దారి. ఏడడుగుల నిలువు చెక్కలు రెండు, పైన అడ్డంగా నాలుగడుగులది ఒకటి, గడప లేని గుమ్మానికి మొత్తం 18 అడుగుల పొడవు. చెక్క మందం 5 అంగుళాలు, 3 అంగుళాలు. 18 × 5 × 3 = 270. అంగుళాలు రెండుసార్లు వచ్చాయి గనక 144తో భాగించాలి. 270/144ని ముందే కుదిస్తే 15/8, అంటే 1⅞ ఘనపు అడుగులు. కుదించకుండా భాగించినా 1 పోయి 126/144 మిగులుతుంది, అదీ 7/8కే దిగుతుంది. కాకపోతే 126, 144 లాంటి పెద్ద అంకెలతో తడబాటు ఎక్కువ. ఇదే 1⅞ని చీటీ మీద ఖాళీ లేకుండా రాస్తే 17/8 అవుతుంది. కొట్టులో కుర్రాడు దాన్ని భిన్నంగా చదివితే 2⅛. పావు ఘనపు అడుగు తేడా. టేకు ఘనపు అడుగు 4,000 అనుకుంటే ఒక్క గుమ్మానికి 1,000 రూపాయలు.

మెట్ల లెక్క ఇంకాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఇక్కడ తప్పు డబ్బుతో పోదు, కాళ్లు విరుగుతాయి. కింది నేల నుంచి పై నేలకు 10 అడుగుల ఎత్తు, అంటే 120 అంగుళాలు. ఒక్కో మెట్టు ఆరున్నర అంగుళాలు పెడదామనుకున్నారు. 120 ÷ 6½ చేయాలంటే 6½ని 13/2 చేసి తిరగేయాలి. 120 × 2/13 = 240/13. పదమూడు పద్దెనిమిదులు 234, శేషం 6. అంటే 18 పూర్తి మెట్లు, ఇంకా మెట్టులో 13 వంతులకు 6 వంతులు.

ఈ శేషం 6ను చూసి ఆరు అంగుళాలు మిగిలాయి, ఇంచుమించు ఇంకో మెట్టు వస్తుందిలే అనుకుంటే దెబ్బతిన్నట్టే. 240 అన్నది అంగుళాలు కాదు, అర అంగుళాలు. మిగిలినవి ఆరు అర అంగుళాలు, అంటే మూడే అంగుళాలు. 6/13ని 13/2తో గుణించినా మూడే వస్తుంది. మేస్త్రీ చూసుకోకుండా ఆరున్నర చొప్పున పద్దెనిమిదీ కట్టేస్తే 117 అంగుళాలు ఎక్కుతాడు. మిగిలిన మూడు అంగుళాలను పొట్టి మెట్టుగా వదిలేయాలి, లేదా చివరి మెట్టును తొమ్మిదిన్నర చేయాలి. రోజూ ఎక్కిదిగే కాలు ఒక ఎత్తుకు అలవాటు పడిపోయి ఉంటుంది. ఒక్క మెట్టు తేడా వస్తే దిగేటప్పుడు, అదీ కరెంటు పోయినప్పుడు, పెద్దవాళ్లు తూలి పడతారు.

మెట్లలో 6/13 మెట్టు ఉండదు కాబట్టి పూర్ణ సంఖ్యను పట్టుకుని తిరిగి భాగించాలి. 120/18 = 20/3, అంటే ఒక్కో మెట్టు 6⅔ అంగుళాలు. టేపు మీద ఎనిమిదో వంతుల గీతలుంటాయి, మూడో వంతు గీత ఉండదు. ఎనిమిదో వంతుల్లో దగ్గర్లో ఉన్నది 6⅝. తేడా అంగుళంలో 24వ వంతే కదా అని ప్రతి మెట్టుకీ 6⅝ పెడితే, 18 మెట్లకు ముప్పావు అంగుళం తగ్గి మళ్లీ ఆఖరి మెట్టు మీదే పడుతుంది. ఇక్కడ అపక్రమ భిన్నం దారి చూపిస్తుంది. మెట్టు 20/3 అంటే మూడు మెట్లకు సరిగ్గా 20 అంగుళాలు. గోడ మీద నిలువుగా 20, 40, 60, 80, 100, 120 దగ్గర గీతలు గీసి, ప్రతి మూడో మెట్టూ గీతకు తగిలేలా కట్టుకుంటూ పోతే తేడా పోగుపడదు. 6⅔ అని చూస్తే ఈ సంగతి తట్టదు, 20/3 అని రాస్తే కంటి ముందే ఉంటుంది. గుంటూరులో కడుతున్న ఇళ్లు చూసినవారెవరైనా చివరి మెట్టు ఎగుడుదిగుడుగా ఉండడం ఎంత మామూలో చెబుతారు.

ధాన్యం దగ్గర ఒక్క మాట. మన వైపు ధాన్యం బస్తా 75 కిలోలు, అంటే ముప్పావు క్వింటా. 33 బస్తాలు 99/4 క్వింటాళ్లు, అంటే 24¾, 24 క్వింటాళ్ల 75 కిలోలు. తిరగేసి చూస్తే టన్నుకు 1000/75 = 40/3, అంటే 13⅓ బస్తాలు. 13 బస్తాలు పోగా శేషం 25 కిలోలు. ఆ 25ను చుక్క తరవాత పెట్టి టన్నుకు 13.25 బస్తాలు అని ఎవరైనా లెక్కగడితే టన్నుకు 6¼ కిలోలు తగ్గుతుంది. 20 టన్నుల లారీకి 125 కిలోలు, అంటే 5/3 బస్తాలు, బస్తా మీద ఇంకా మూడింట రెండు వంతులు. శేషం 25 కింద ఉండాల్సింది 75. ఆ రెండూ కలిస్తేనే మూడో వంతు.

జవాబు వచ్చాక దాన్ని పైకి తీసుకోవాలా, కిందికి దించాలా అన్నది లెక్క చెప్పదు, పని చెబుతుంది. రోజుకు మాత్రన్నర చొప్పున 15 రోజులకు 45/2, అంటే ఇరవై రెండున్నర. కొనాల్సింది 23. గుడ్డలో 11 చొక్కాలు పోయి ఇంకా కొంత మిగిలితే చొక్కాలు 11 మాత్రమే.

ఇక పత్రికల వారికి మా మనవి. అర, పావు, ముప్పావు ఉన్నచోట అంకెలు మాని అక్షరాల్లోనే అచ్చువేయండి. ఒకటిన్నర కప్పు, రెండుంపావు చెంచాలు, ఒకటి ముప్పావు కప్పు. ఏ ఫాంటులోంచి ఏ ఫాంటులోకి మార్చినా ఈ మాటలు చెదరవు. ½, ⅔ లాంటి గుర్తులు కొన్ని ఫాంట్లకు మారేటప్పుడు రాలిపోయే ప్రమాదం ఉంది. మూడో వంతులు, ఎనిమిదో వంతులు వచ్చినప్పుడు "ఒక కప్పు, దానిమీద మూడో వంతు" అని రాస్తే ఒక వరుస పెరుగుతుందేమో గానీ అనుమానం ఉండదు. 1-1/2 అని అడ్డగీత పెట్టే పద్ధతి కూడా కొందరు పాటిస్తున్నారు. ఖాళీ లేకపోవడం కంటే అది నయమే, అయితే పిల్లలు దాన్ని తీసివేత గుర్తుగా చదువుతారు.

ప్రూఫు చూసేవారికి ఒక తేలిక పరీక్ష ఉంది. వంటల పేజీలో పై సంఖ్య కింది సంఖ్య కంటే పెద్దదిగా ఎక్కడ కనబడినా ఆపేయండి. వంటల్లో అపక్రమ భిన్నాన్ని ఎవరూ కావాలని రాయరు, కనబడిందంటే ఖాళీ ఎగిరిపోయినట్టే. హారం ఒక్క అంకె ఉన్నంతవరకు ఈ పరీక్షను తప్పించుకునే తప్పు లేదు. హారం 16 లాంటిది అయినప్పుడు మాత్రం కళ్లు పెట్టాలి. ఒకటీ, పదహారో వంతూ అతుక్కుంటే 11/16 అవుతుంది, అది మామూలు భిన్నంలాగే దర్జాగా నిలబడి ఉంటుంది. పైపులు, బోల్టులు, ప్లైవుడ్ కొలతలు వచ్చే ప్రకటనల్లో ఇది చూసుకోవాలి.

విద్యా పేజీల్లో, పోటీ పరీక్షల మెటీరియల్లో ఈ పరీక్ష పనిచేయదు, అక్కడ అపక్రమ భిన్నాలు నిజంగానే ఉంటాయి. "23/5 × 5 ఎంత?" అని అచ్చయితే జవాబు 23. రాసినవారు అనుకున్నది రెండు పూర్ణాల మూడు బై ఐదు అయితే జవాబు 13. కింద జవాబుల పట్టీలో 13 చూసి, సరిగ్గా చేసిన పిల్ల తనదే తప్పనుకుని పద్ధతి మార్చుకుంటుంది. అందుకని లెక్కల బిట్లలో మిశ్రమ భిన్నాన్ని పూర్ణ సంఖ్య పెద్దగా, భిన్నం చిన్నగా, గీతకు పైనా కిందా విడిగా ఉండేలా బొమ్మగానైనా పెట్టించండి. అది కుదరని రోజున 13/5 అనే అచ్చువేయండి. చిన్న పిల్లలకు మిశ్రమ రూపం తప్పనిసరి అయితే "2 + 3/5" అని మధ్యలో కూడిక గుర్తు పెట్టండి. మిశ్రమ భిన్నానికి అర్థమూ అదే కాబట్టి ఎవరూ అభ్యంతరం చెప్పరు.

ఇట్లు,
లెక్కలు చెప్పే ఉపాధ్యాయులం,
బ్రాడీపేట, గుంటూరు.